ముసలి ఇంజన్‌కు ఆముదం వైద్యం

మనిషికి ఆముదం తాగిస్తే కడుపు కదులుతుంది. ఇంజన్‌కు తాగిస్తే ఏదీ కదలదు. నా బతుకులో నేను సొంతంగా కనిపెట్టిన సత్యం ఇదొక్కటే. దీన్ని కనిపెట్టడానికి ఒక ఇంజన్‌ను, అప్పుడే నాటేసిన పొలాన్ని, ఊళ్ళో నాకున్న కాస్తంత పరువును పణంగా పెట్టాను. చదువుకున్నవాళ్ళు ఇంతకన్నా సులువుగా కనిపెడతారేమో నాకు తెలియదు. నా చదువు సంతకం దగ్గరే ఆగిపోయింది. అందుకే నోటితో చెప్తున్నాను, రాసేవాళ్ళు రాస్తున్నారు. వింటూ వింటూ నవ్వొస్తే ఆపుకోకండి. ఆ రోజు మా ఊరు ఊరంతా నవ్వింది. మీరొక్కరు నోరు మూసుకున్నంత మాత్రాన పోయిన పరువు తిరిగొస్తుందా?

మాది తిరుమలగిరికి అవతల, ఎర్ర చెలకల మధ్య ఉన్న ఊరు. చెలకల్లో ఆముదం, జొన్న పండుతాయి. బావి కింద మాత్రం కాస్త వరి. మా ఆయన బతికున్న రోజుల్లో, కరెంటు వచ్చిన ఊళ్ళో ఎవరో వదిలించుకున్న ఆయిల్ ఇంజన్‌ను బండి మీద వేసుకుని తెచ్చాడు. అది మా బావిగడ్డ మీద దిగేనాటికే ముసలిది. కానీ రెండో పెళ్ళికి మీసాలకు రంగేసుకున్న పెళ్ళికొడుకులా దాని ఒంటినిండా కొత్త ఆకుపచ్చ రంగు పూసి ఉంది. ఆయన దాన్ని చూసి మురిసిపోయి ఎడ్లను అమ్మేశాడు, వాటితో నీళ్ళు తోడే మోటను విప్పి దాని తోలును చెప్పులవాళ్ళకు ఇచ్చేశాడు. మరుసటి ఏడు వానాకాలంలో జ్వరం వచ్చి ఆయన వెళ్ళిపోయాడు. ఇంజన్ మిగిలింది. ఇద్దరిలో ముసలిది ఇంజనేనని దేవుడికి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఆయన దినాలు అయ్యాయో లేదో, మా బావ లింగయ్య, ఊరి పటేల్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. బావ అంటే మా ఆయనకు అన్న. పక్క పొలం ఆయనదే. ఆయనకూ ఒక ఇంజన్ ఉంది, అది మాత్రం డబ్బా విప్పిన కొత్తది. పటేల్ ఊరికి పెద్దమనిషి, ఆయన మాటే మాకు కచేరీ తీర్పు.

బావ తలకు చుట్టిన ఎర్ర రుమాలు సర్దుకుని అన్నాడు: "పటేలా, ఆడిదానితోని ఎవసం అయితదా? పొలం నాకియ్యున్రి. నేను దున్నుకుంట, పండినదాంట్ల ఆమెకింత పాలు పెడ్త."

"నేను చేసుకుంట బావా," అన్నాను నేను.

"నువ్వు చేస్తవు, సరే. ఇంజన్ ఎవరు నడుపుతరు? నీకు దాని తోక ఏదో తల ఏదో తెల్సా?"

"ఆయన నడుపుతాంటే రోజూ చూసిన."

చూసింది వచ్చినట్టే అని నా లెక్క. ఆ లెక్కన నేను ఆకాశంలో విమానాన్ని కూడా చూశాను.

పటేల్ ఇద్దరి మొహాలూ చూసి తీర్పు చెప్పాడు. "గీ యాసంగి చూద్దాం. నాటు ఎండకుంట నీళ్ళు పారిచ్చినవా, పొలం నీదే, లింగయ్య మల్ల మాటెత్తడు. ఎండిందా, పొలం లింగయ్య చేస్తడు. సమ్మతమేనా సాయమ్మా?"

సమ్మతమే అన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొలం బావ చేతిలోకి పోతే, పంట ఇంటికొచ్చిన ప్రతిసారీ చేట పట్టుకుని ఆయన వాకిట్లో నిలబడాలి. ఆయన కొలిచినన్ని గింజలే మా అత్తా నేనూ తినాలి. మా అత్త ఆయనను కూడా కన్న తల్లే కానీ, పెద్ద కోడలితో పడక నా దగ్గరే ఉండేది. కాబట్టి ఓడిపోతే ఇద్దరం ఓడిపోతాం.

నాటు వేశాం. ఇంజన్ నడిచింది. అత్త ఇంజన్ పైన గాలి వదిలే కొక్కెం ఎత్తి పట్టుకునేది, నేను హ్యాండిల్ తిప్పేదాన్ని, ఊపు అందుకోగానే "ఇడువత్తా!" అని కేకేసేదాన్ని. ఇద్దరు విధవలు ఇంజన్ నడుపుతుంటే దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. అంతలోనే దానికి జబ్బు చేసింది. నీలం పొగ వదలసాగింది. లోపల ఎవరో రోలు దొర్లిస్తున్నట్టు చప్పుడు. మీకు తెలియకపోతే ఒక మాట చెప్తాను. ఇంజన్‌కు తాగే నూనె వేరు, ఒళ్ళు తడుపుకునే నూనె వేరు. తాగేది డీజిల్. ఒళ్ళు తడుపుకునేది కడుపులో అడుగున ఉంటుంది, అది లోపలి ఇనుపముక్కలు ఒకదానితో ఒకటి కొట్లాడకుండా జారేట్టు చూస్తుంది. మాది ఆ రెండో నూనెను కూడా తాగడం మొదలుపెట్టింది.

ఖాళీ డబ్బా పట్టుకుని తిరుమలగిరి అంగడికి పోయాను. దుకాణంలో సేటు అడిగాడు:

"ఎన్నో నంబర్ది గావాలె?"

"నంబరేంది సేటూ? ఇంజన్ల పోసేది."

"గదే. ముప్పై నంబరా, నలభై నంబరా?"

"గట్ల నంబర్లు కూడుంటయా?"

"ఉండవా మరి? నంబర్ పెద్దదైతే చిక్కటిది, చిన్నదైతే పల్చటిది. నీ ఇంజన్ కొత్తదా, పాతదా?"

"మా ఆయన తెచ్చిన్నాడే దానికి పండ్లు ఊడినయ్."

"పొగ ఏ రంగుల వస్తాంది?"

"నీలంగ. మా అత్త చుట్ట తాగినట్టు."

"నూనె తగ్గుతాందా?"

"తగ్గుతాందా అంటవా? పొద్దుగాల పోస్తె మాపటికి సఫా. తాగుబోతు మొగడు నయం, పండుగకన్న జర ఆగుతడు."

సేటు తల పంకించాడు. "అయితే పాతదానికి చిక్కటిదే పడాలె. నలభై తీస్కపో," అని పీపా దగ్గరికి నడిచాడు. నేను డబ్బా చాపాను కూడా. అక్కడే బల్ల మీద కూర్చుని చాయ్ తాగుతున్న ఒక లారీ డ్రైవర్, ఖాకీ చొక్కా ఆయన, "ఆగున్రి!" అన్నాడు.

ఆ ఒక్క మాటతో నా కర్మ మొదలైంది.

"ఏం జెప్తున్నవ్ సేటూ? ముసలిదానికి చిక్కటిది పోస్తవా? దాని లోపట మడ్డి పేరుకపోయుంటది. పల్చటిది పోస్తెనే సందుసందుకు పోతది. అమ్మా, నువ్వు ముప్పై తీస్కపో."

"పల్చటిది పోస్తే అరిగిన సందులల్లకెళ్ళి పైకెక్కి కాలిపోతది. గా నీలం పొగ గదేనయ్యా!"

"చిక్కటిది పోస్తే చలికి పొద్దుగాల హ్యాండిలే తిరగది. నువ్వొస్తవా తిప్పుతానికి?"

"నువ్వు లారీ తోలుకో. దుకాణం నేను నడుపుకుంట."

"నడుపుకో, నడుపుకో. ఇంజన్లు ఆగినంక నీ దుకాణం కూడా ఆగుతది!"

నాకో రోగం ఉంది. ఎవరు ఆఖరున మాట్లాడితే వాళ్ళదే నిజమనిపిస్తుంది. సేటు మాట్లాడినప్పుడు, మా పటేల్‌కు వయసు పెరిగిన కొద్దీ కళ్ళద్దాల నంబరు పెరిగింది కదా, ముసలి ఇంజన్‌కు పెద్ద నంబరే న్యాయమనుకున్నాను. డ్రైవర్ మాట్లాడగానే, పళ్ళు లేని మా అత్తకు గట్టి సంకటి పెడతామా, పల్చటి జావే కదా పోస్తాం, ముసలి ఇంజన్‌కు పల్చటిదే న్యాయమనుకున్నాను. సేటు మళ్ళీ నోరు తెరిస్తే కళ్ళద్దాలు, డ్రైవర్ తెరిస్తే జావ. నా బుర్ర వాళ్ళిద్దరి మధ్య ఊగే ఉయ్యాలైపోయింది. చివరికి తెగించి అడిగాను:

"రెండూ సగం సగం పోస్తే ముప్పై అయిదు కాదా?"

అంతసేపూ కుక్కల్లా కొట్లాడుకున్నవాళ్ళు, ఇద్దరూ నా వైపు తిరిగి ఒకే గొంతుతో "కాదు!" అన్నారు. వాళ్ళ మధ్య రాజీ కుదిరింది ఆ ఒక్క విషయంలోనే.

"ఇంటికి పోయి అడిగొస్త," అని డబ్బా చంకన పెట్టుకున్నాను.

"ఇంటికాడ ఎవర్ని అడుగుతవమ్మా?" అన్నాడు సేటు.

"ఇంజన్‌నే అడుగుత," అన్నాను. రోషం ఒకటి తక్కువా నాకు!

పోయేటప్పుడు ఎంత ఖాళీగా ఉందో డబ్బా, వచ్చేటప్పుడూ అంతే ఖాళీగా ఉంది. నిండింది నా తలకాయే.

ఇంటి దగ్గర మా అత్త పొయ్యి ముందు కూర్చుని ఆముదం వండుతోంది. ఆముదాల కాలంలో మా దిక్కు ప్రతి ఇంట్లో జరిగేదే. గింజలు వేయించి, దంచి, నీళ్ళలో మరిగిస్తే నూనె పైకి తేలుతుంది. దాన్ని గరిటెతో దేవి ముంతలో పోసుకుంటారు. అత్త గరిటె ఆపకుండానే అడిగింది:

"తెచ్చినవా?"

"తేలే. నంబర్ కుదరలే అత్తా."

"నూనెకు నంబరేందే? అదేమన్న పెండ్లిసంబంధమా, కుదరకపోతానికి?"

జరిగిందంతా చెప్పాను. అత్త చుట్ట నోట్లోంచి తీసి అడిగింది: "ఇంజన్‌కు ఏమైతాందో సరిగ్గ చెప్పు."

"పొగ కక్కుతాంది. దగ్గుతాంది. చెయ్యి పెడ్తే ఒళ్ళు కాలిపోతాంది."

"గింతేనా! దానికి వేడి చేసిందే పిచ్చిదానా."

నేను నోరు తెరిచాను. ఆ మాట సేటుకూ తట్టలేదు, డ్రైవర్‌కూ తట్టలేదు.

"పుట్టిన పిల్ల మాడుకు ఏం పెడ్తం?" అంది అత్త.

"ఆముదం."

"కండ్లు మండుతాంటె అరికాళ్ళకు?"

"ఆముదం."

"బండి ఇరుసుకు?"

"ఆముదమే, మసి కలిపి."

"మోట తోలు ఎండి పగిలితే?"

"ఆముదమే అత్తా."

"మీ మామ బతికినన్ని దినాలు బండి తోలిండు. ఇరుసుకు ముప్పయ్యా నలభయ్యా అని ఏ సేటునన్న అడిగిండా?"

"అడగలే. కానీ అత్తా, చిక్కగుండాల్నా, పల్చగుండాల్నా? గదే తేలుతలేదు."

అత్త నవ్వింది. ఆ నవ్వు చూస్తే పెద్ద వకీలు కూడా తన ఫీజు వాపసు ఇచ్చేసేవాడు. "ఆముదం చల్లగున్నప్పుడు చిక్కగుంటది, కాగితే పల్చగైతది. గా సేటు మాటా నిలవడ్డది, గా డ్రైవర్ మాటా నిలవడ్డది. ఇంకేం గావాలె నీకు?"

చెప్పండి, ఈ మాటకు ఎదురుచెప్పే మగాడెవరైనా ఉన్నాడా? ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమంటారు. ఏ మేస్త్రీ లేని ఊళ్ళో మా అత్తే మహామేస్త్రి.

మర్నాడు బావిగడ్డకు రెండు ముంతల ఆముదంతో పోయాం. అడుగున బిరడా విప్పితే నల్లటి నూనె కారింది. "సూడు, ఎంత చెడురక్తం ఉందో!" అని అత్త ముక్కు మీద వేలేసుకుంది. అంతా కారిపోయాక బిరడా బిగించి, గోరువెచ్చగా చేసిన ఆముదం పోశాను. ముంత అడుగున మిగిలిన చెంచాడును అత్త అరచేతిలో వేసుకుని ఇంజన్ నెత్తిన టపటపా అంటి, "సల్లగుండు బిడ్డా" అని దీవించింది. చంటిపిల్లకు తలంటినట్టే.

కొక్కెం ఎత్తింది. హ్యాండిల్ తిప్పాను. ఇంజన్ అందుకుంది. అబ్బ, ఏమి నడక! నిన్నటిదాకా రోలు దొర్లినట్టున్న చప్పుడు పోయి, పాలు తాగిన పిల్లి గురగురలాడినట్టు మెత్తగా నడిచింది. పైపులోంచి నీళ్ళు దూకాయి. నేను అత్తను, అత్త నన్ను చూసుకున్నాం. ఒక్కటే చిక్కు, పొగతోపాటు ఆముదం మాడిన వాసన ఊరి మీదికి పోయింది. అర్ధగంటలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు "ఎవలింట్ల ఆముదం మాడుతాంది? పొయ్యి మీద పెట్టి మర్చిపోయిన్రా?" అని వెతుక్కుంటూ వచ్చారు. వాళ్ళ వెనకే మా బావ.

"ఏం వాసన సాయమ్మా ఇది?"

"ఇంజన్ వాసన బావా."

"ఇంజన్ గిట్ల వాసనొస్తదా? బాలింత ఉన్న ఇల్లు లెక్క వస్తాంది. ఏం పోసినవ్ దాంట్ల?"

దాచొచ్చు కదా? దాచలేదు. గొప్ప ఒకటి ఉంది కదా తలకెక్కి. "ఆముదం పోసిన. పాత ఇంజన్‌కు పాత మందు."

"ఆముదమా! ఇంజన్లనా! ఓరి దేవుడా, పటేల్‌తోని ఇప్పుడే చెప్త ఉండు."

"చెప్పు బావా. చెప్పేటప్పుడు కాలువల నీళ్ళెట్ల పారుతున్నయో అది కూడా చెప్పు."

బావ కాలువ చూశాడు. ఇంజన్ దగ్గరికి పోయి ముహూర్తం చూసే అయ్యగారిలా తల ఒక పక్కకు వంచి, కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నాడు. తరువాత ఎటో చూస్తూ అడిగాడు:

"ఎంత పోసినవ్?"

"రెండు ముంతలు."

"చల్లగనా, కాచా?"

"గోరువెచ్చగ."

"పిచ్చిపని," అన్నాడు బావ. గట్టు మీద నడిచి పోతూ కూడా తనలో తానే అనుకుంటున్నాడు: "రెండు ముంతలు... గోరువెచ్చగ... పిచ్చిపని." నన్ను తిడుతున్నాడనే అనుకున్నాను. అప్పటి నా తెలివి అంతవరకే.

రెండు రోజులు నేను నేల మీద నడవలేదు. దారిలో ఎవరు కనిపించినా, అడిగినా అడగకపోయినా, ఇంజన్ల సంగతి చెప్పాను. కుమ్మరాయన కుండలకు మట్టి తవ్వుకుంటుంటే ఆయనకు కూడా చెప్పాను. ఆయనకు ఇంజన్ లేదు, కొనే ఉద్దేశమూ లేదు. అయినా నిలబెట్టి వినిపించాను.

మూడో తెల్లవారుజామున చలి విరుచుకుపడింది. నిండా మునిగినవాడికి చలి లేదంటారు. ఆ మాట చెప్పినాయన ఆముదంలో నిండా మునిగిన ఇంజన్‌ను చూసి ఉండడు. అత్త కొక్కెం ఎత్తింది. నేను హ్యాండిల్ పట్టుకుని తిప్పాను. తిరగలేదు. ఇంకా బలంగా లాగాను. ఊఁహూఁ. ఆఖరికి దాన్ని పట్టుకుని గబ్బిలంలా వేలాడాను. కాళ్ళు నేల వదిలాయి గానీ హ్యాండిల్ వెంట్రుకవాసి కదలలేదు.

"ఏందే?" అంది అత్త.

"బిగుసుకున్నది."

"ఆముదం తాగినంక గిట్ల బిగుసుకునుడు నేను పుట్టిన్నాటి సంది చూడలే. తక్కువైందేమో, ఇంకో ముంత పొయ్యి!"

పోశాను. మీరు నవ్వుతున్నారు, నాకు తెలుసు. నాకూ ఇప్పుడు నవ్వే వస్తోంది. అప్పుడు మాత్రం ఇంకో ముంత పోసి, తగ్గలేదని వేడినీళ్ళు కాచి దాని వీపున పోశాను. నడుము మీద చెయ్యేసి బతిమాలాను. "నడువమ్మా, నా తల్లివి కదూ" అన్నాను. తిట్టాను. దాని పాత యజమానిని కూడా తిట్టాను, వాడి మొహం నేనెప్పుడూ చూడకపోయినా. అది ఉలకలేదు, పలకలేదు.

పొద్దెక్కింది. మాది ఎర్రనేల, నీళ్ళు జల్లెడలో పోసినట్టు ఇంకిపోతాయి. మడిలో బురద మీద సన్నగా బీటలు లేచాయి. నాటిన మొక్కలు కొసలు ముడుచుకుని, నిద్రమొహం పిల్లల్లా ఒక పక్కకు ఒరిగాయి. మోట లేదు. ఎడ్లు లేవు. కడవలతో మోసినా ఒక్క మడి తడవదు. గట్టు మీద కూర్చుంటే, బావ వాకిట్లో చేట పట్టుకుని నిలబడ్డట్టు నాకు నేనే కనిపించాను. ఆ చేట ఏ చేటో కూడా కనిపించింది, అంచు విరిగినది.

బావ చెప్పకముందే నేనే పోయి చెప్తే పరువు కాస్త తక్కువ పోతుందని పటేల్ ఇంటికి పరుగెత్తాను.

పటేల్ అంతా విన్నాడు. "ఆముదమా?" అన్నాడు. అవునన్నాను. "ఇంజన్‌కా?" అన్నాడు. అవునన్నాను. తువ్వాలు కొసను నోటికి అడ్డం పెట్టుకుని ఆయన చాలాసేపు గోడ వైపు తిరిగి ఉన్నాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. తరువాత గొంతు సవరించుకుని తిరుమలగిరికి సైకిల్ మీద మనిషిని పంపాడు, ఇంజన్ మేస్త్రీని తీసుకురమ్మని. "కానీ బిడ్డా, మాట మాటే. నాటు ఎండితే పొలం లింగయ్యదే. వాన్ని కూడా పిలిపిస్త."

మధ్యాహ్నానికి మేస్త్రి జానీమియా వచ్చాడు. వస్తూనే విసుక్కుంటున్నాడు. పటేల్ వచ్చాడు, ఆయన వెనక సగం ఊరు వచ్చింది. బావ అందరికంటే ఆలస్యంగా వచ్చి, వెనకాల చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. పొలం చేతికొచ్చే రోజు కదా, ముందుకొచ్చి నిలబడాలి. ఎందుకు నిలబడలేదో నాకు అర్థం కాలేదు.

జానీమియా ఇంజన్ పక్కమూత విప్పాడు. లోపల బెల్లం పాకంలా ఎర్రగా, సాగుతూ, తీగలు తీగలుగా ఉంది. వేలు పెట్టి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"అమ్మా, ఇది ఇంజనా, బాలింతనా?"

సగం ఊరు నవ్వింది.

"ఏ నంబర్ నూనె పోసినవ్?"

"నంబర్ లేనిది," అన్నాను.

మిగతా సగం ఊరు కూడా నవ్వింది.

"మేస్త్రీ, జర ఆగు," అంది మా అత్త, వైద్యం తనది కాబట్టి. "రెండొద్దులు మంచిగనే నడిచింది కదా. బండి ఇరుసుకు పనికొచ్చేది దీనికెందుకు రాదు?"

"బండి ఇరుసు పొయ్యి మీద ఉడుకుతదా అవ్వా? వేడి మీద ఆముదం బాగనే జారుతది, కాదంట లేను. కానీ లోపట మిగిలిన పాత నూనెతోని కలవది. మాడిందంటే బంక అయితది. నువ్వు ఆముదం వండిన సట్టి ఎన్నడు తోమలేదా?"

అత్త నా వైపు చూసింది. తోమేది నేనే. ఇటుకపొడి వేసి రుద్దినా వదలని ఆ జిడ్డుబంకను ప్రతి ఏడాదీ తిట్టుకుంటూ తోమేది నేనే. అంత తోమినా నా బుర్రకు తట్టలేదు చూడండి.

"మరి ముప్పయ్యా, నలభయ్యా?" అని అడిగాను, ఎవరో ఒకరు తేల్చి చెప్తారని.

"కొత్తగున్నప్పుడు లోపటి ముక్కలు దగ్గర దగ్గరుంటయ్, పల్చటిది చాలు, ముప్పై. అరిగినకొద్దీ సందు పెరుగుతది. పల్చటిది గా సందులకెళ్ళి పైకెక్కి కాలిపోతది. దీని అసొంటి ముసలిదానికి నలభయ్యే."

"మడ్డి ఉంటదని లారీ డ్రైవర్ అన్నడు?"

"మడ్డి కిరసనాయిలుతోని కడిగితే పోతది, నంబర్‌తోని పోతదా? గా డ్రైవర్‌ది కొత్త లారీ కావొచ్చు. ఎవనికి తన బండే లోకం." పానా తీసి మరలు విప్పుతూ మళ్ళీ గొణిగాడు: "ఏమో గీ ఊరికి ఏం రోగమొచ్చిందో! ఒక్కటంటే ఒక్కటా? నేనొస్తాంటె తోవల ఇంకో పెద్దమనిషి చెయ్యి పట్టుకుని గుంజుకపోయి, చాటుంగ తన ఇంజన్ చూపిచ్చె. దాంట్ల కూడా గిదే పాకం!"

పటేల్ కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "ఎవరాయన?"

"ఎవ్వలకు చెప్పొద్దన్నడు పటేలా. నేను చెప్పను. మాట ఇచ్చిన." జానీమియా పానాతో వెనక్కి చూపించాడు. "గదుగో, గా ఎర్ర రుమాలాయన."

ఊరంతా ఒక్కసారి తిరిగింది. ఎర్ర రుమాలు ఒక్కటే ఉంది అక్కడ.

పటేల్ మెల్లగా నడిచిపోయి బావ వెనకాల కట్టుకున్న చేతుల్లో ఒకటి బయటికి లాగి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గట్టిగా పీల్చాడు. ఆయనకు నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. ఆముదమే వచ్చింది.

"లింగయ్యా?"

"అంటే... పటేలా... ఊకెనే, ఎట్లుంటదో చూద్దామని..."

"నీది కొత్త ఇంజన్ కదరా కొడకా!" అని అరిచింది మా అత్త. "దానికేం వేడి చేసిందిరా?"

బావ నేల చూస్తూ అన్నాడు: "ఈమె ముసలి ఇంజన్ నాదానికన్న మెత్తగ నడుస్తాంటె... ఊర్లె మొగోన్ని, నా ఇంజన్ చప్పుడు చేస్తే బాగుంటదా అని..."

"ఎంత పోసినవ్?"

"రెండు ముంతలు. గోరువెచ్చగ."

ఇక ఆపడం ఎవరి వల్లా కాలేదు. గట్ల మీద కూర్చుని నవ్వారు, ఒకరినొకరు పట్టుకుని నవ్వారు. ఆముదం తాగిన మొహం అని చిన్నప్పటినుంచీ విన్నాను గానీ, అది ఎలా ఉంటుందో ఆ రోజే కళ్ళారా చూశాను. పాపం, తాగింది ఇంజన్, మొహం బావది.

నవ్వులన్నీ అయ్యాక పటేల్ గొంతు పెంచాడు.

"లింగయ్యా, ఆడిదానితోని ఎవసం కాదంటివి. మరి ఆమె చేసింది చూసి నువ్వెందుకు చేసినవ్?"

బావ రుమాలు విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.

"ఆమెకు తెల్వక పోసింది, ఒప్పుకుంట. తెల్వనిదాని దగ్గర తెలివి నేర్చుకున్నోనికి పొలం ఎట్ల అప్పజెప్పాలె? నీ పొలం కూడా ఎండుతనే ఉన్నది కదా? ఎండబెట్టినదాని పొలం తీస్కపోయి ఎండబెట్టినోనికే ఇయ్యమంటవా?"

"నా ఇంజన్ ముందు బాగుచేపియ్యున్రి పటేలా. మల్ల పొలం మాటెత్తను," అన్నాడు బావ.

"ఆమెదే ముందు. పోసుడు కూడా ఆమెనే కదా ముందు!"

జానీమియా కిరసనాయిలుతో కడిగాడు, గీకాడు, మమ్మల్నందరినీ తిట్టాడు, ఒక మర బావిలో పడేసుకుని మళ్ళీ తిట్టాడు, దాని జాగాలో ఇంకోటి బిగించాడు. తిరుమలగిరినుంచి తెప్పించిన నలభై నంబరు నూనె పోశాడు. పొద్దు వాలుతుండగా అత్త కొక్కెం ఎత్తింది, నేను హ్యాండిల్ తిప్పాను. ఇంజన్ దగ్గింది, ఉమ్మింది, అందుకుంది. పాత చప్పుడే, కానీ నీలం పొగ పలచబడింది. నీళ్ళు కాలువలో పడి మడిదాకా పోయేంతవరకూ నేను వాటి వెంటే నడిచాను, దారిలో ఎవరైనా ఎత్తుకుపోతారేమో అన్నట్టు. తెల్లారేసరికి నాటు తలెత్తింది. ఒక్క మూల మడి మాత్రం పోయింది. దానికి సరిపడా నారు తన మడిలో మిగిలిందని బావే పంపించాడు. తను రాలేదు, నారు వచ్చింది. ఆయన వాకిట్లో నేను చేట పట్టుకుని నిలబడే రోజు ఆ ఏడూ రాలేదు, ఆ తరువాతా రాలేదు.

కనుక, వింటున్న మీ అందరి ముందు, మా చెలకలో కాసిన ప్రతి ఆముదం గెల సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. ఈ జన్మలో ఇక ఏ ఇంజన్ నోట్లోనూ ఆముదం పోయను. ముసలి ఇంజన్‌కు నలభయ్యే పోస్తాను, పడుచుదానికి ముప్పయ్యే పోస్తాను. లేక ముసలిదానికి ముప్పయ్యా, పడుచుదానికి నలభయ్యా? చూశారా, చెప్తూ చెప్తూనే కలిసిపోయాయి. అది మాత్రం ఎవరైనా మేస్త్రీని అడిగి పోసుకోండి, నా మాట మీద పోయకండి. నా ఒట్టు మాత్రం ఒట్టే. ఒకవేళ ఏనాడైనా బుద్ధి గడ్డి తిని మళ్ళీ ఆముదం పోసినా, మా బావ చూస్తుండగా మాత్రం చచ్చినా పోయను.